ఆకాశమున దగ్గర త్రోవ

“ఆ యూరు ఇచటికి ఎంత దూరము? చేరుటకు ఎంత ప్రొద్దు పట్టును?” అని అడుగుట బాటసారికి సహజము. పూర్వము మన పెద్దలు దూరమును కోసులతోను, ఆమడలతోను కొలిచెడివారు. తెల్లవారుజామున బండి కట్టినవాడు ప్రొద్దు గ్రుంకునప్పటికి ఇన్ని ఆమడలు పోగలనని లెక్క వేసికొనెడివాడు. నేలపై బాట కంటికి కనబడును. మైలురాళ్ళు లెక్క చెప్పును. ఆకాశమున బాట లేదు, మైలురాయి లేదు. అయినను నేడు గుంటూరు, కృష్ణ, కరీంనగరము మున్నగు జిల్లాల పల్లెల నుండి సైతము అమెరికాలో నున్న బిడ్డలను చూచుటకై విమానమెక్కు తల్లిదండ్రులు పెక్కండ్రు కలరు. వారు మొట్టమొదట అడుగు ప్రశ్న యిదియే: ఎంత దూరము, ఎన్ని గంటలు?

ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానము చెప్పవచ్చునని తోచును. విచారించి చూచినచో, దానిలో భూమి ఆకారము, గాలి పోకడ, పర్వతముల యెత్తు, రాజ్యముల సరిహద్దులు, సూర్యుని గమనము అన్నియు ఇమిడియున్నవి. బెంగుళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో అను రెండు నగరములను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును పరిశీలింతము.

విద్యార్థులారా! మీ తరగతి గోడపై నున్న ప్రపంచ పటమును చూడుడు. బెంగుళూరు భూమధ్యరేఖకు ఉత్తరమున 13 డిగ్రీలలోను, తూర్పు రేఖాంశము 78 డిగ్రీల సమీపమునను ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో ఉత్తరమున సుమారు 38 డిగ్రీలలోను, పశ్చిమ రేఖాంశము 122 డిగ్రీలలోను ఉన్నది. రెండింటి నడుమ కొలబద్ద నుంచి గీత గీచినచో, ఆ గీత అరేబియా మీదుగను, ఆఫ్రికా ఎడారుల మీదుగను, అట్లాంటిక్ మహాసముద్రము మీదుగను పోవును. ఇంతకంటె తిన్నని త్రోవ యుండదని మీరనుకొందురు. ఇప్పుడు పటమును విడిచి గోళమును తీసికొనుడు. ఒక దారపు కొనను బెంగుళూరుపై నదిమిపట్టి, రెండవ కొనను శాన్‌ఫ్రాన్సిస్కో వఱకు బిగువుగా లాగుడు. దారము ఆఫ్రికా వంకకే పోదు! అది ఉత్తరమునకు సాగి, హిమాలయములను, టిబెట్టును, సైబీరియాను దాటి, ఆర్కిటిక్ సముద్రపు టంచును తాకి, అలాస్కా మీదుగా క్రిందికి దిగి శాన్‌ఫ్రాన్సిస్కో చేరును. గోళముపై రెండు స్థలముల నడుమ అన్నిటికంటె దగ్గర త్రోవ ఇదియే. దీని పొడవు సుమారు 14,000 కిలోమీటరులు.

ఇది యెట్లు సాధ్యమని సందేహము కలుగవచ్చును. ఒక సులభమైన లెక్క చూడుడు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్, అలాస్కాలోని ఆంకరేజ్ అను నగరములు రెండును ఇంచుమించుగా 60వ ఉత్తర అక్షాంశముపై నున్నవి. రేఖాంశములను బట్టి అవి భూగోళమునకు ఈ ప్రక్క నొకటి, ఆ ప్రక్క నొకటిగా దాదాపు ఎదురెదురుగా నున్నవి. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,000 కిలోమీటరులు. 60వ అక్షాంశ వృత్తము అందులో సగమే, అనగా 20,000 కిలోమీటరులు. కావున ఆ వృత్తము వెంట ఒక నగరము నుండి రెండవ నగరమునకు పోవలెనన్న 10,000 కిలోమీటరులు పోవలెను. అట్లు గాక తిన్నగా ఉత్తర ధ్రువమునకు పోయి ఆవలికి దిగినచో, ధ్రువము వఱకు 30 డిగ్రీలు, ధ్రువము నుండి 30 డిగ్రీలు, వెరసి 60 డిగ్రీలు మాత్రమే. డిగ్రీకి 111 కిలోమీటరుల చొప్పున ఇది 6,660 కిలోమీటరులు. పటముపై తిన్నగా కనబడిన త్రోవ చుట్టు త్రోవ. వంకరగా కనబడిన త్రోవయే దగ్గర త్రోవ. గోళమును సరిగా రెండు సమభాగములుగా ఖండించు వృత్తమునకు మహావృత్తమని పేరు. బిగువుగా లాగిన దారము ఎల్లప్పుడును ఒక మహావృత్తము వెంటనే పోవును.

మఱి గోడ పటము మనలను మోసగించుచున్నదా? అట్లనరాదు. గుండ్రని నారింజపండు తొక్కను చినుగకుండ బల్లపై పరచుట అసాధ్యము. అట్లే గుండ్రని భూమిని చదునైన కాగితముపై పరచునపుడు ఎచటనో సాగదీయక తప్పదు. 1569లో మెర్కేటరు అను పండితుడు నావికుల కొఱకు ఒక పటమును సిద్ధపరచెను. దానిపై గీచిన సరళరేఖ వెంట దిక్సూచిని ఒకే కోణమున నిలిపి ఓడను నడుపవచ్చును. నావికులకు అది మహోపకారము. కాని ఆ సౌకర్యమునకై ధ్రువ ప్రాంతములను మిక్కిలి సాగదీయవలసి వచ్చెను. అందువలననే గ్రీన్‌లాండు ఆ పటమున ఆఫ్రికా యంతటిదిగా కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. ఏ పనికై చేసిన పటమును ఆ పనికే వాడవలెను.

దగ్గర త్రోవ దొరికినది. ఇక విమానము గంటకు 900 కిలోమీటరుల వేగమున పోవునని తెలిసినచో, 14,000ను 900చే భాగించి పదునైదున్నర గంటలని చెప్పి లేచిపోవచ్చును గదా! ఇచటనే రెండవ చిక్కు కలదు. విమానము ఆ దారము వెంట పోవుట లేదు.

మొదటి ఆటంకము టిబెట్టు పీఠభూమి. జెట్ విమానములు 10 లేక 12 కిలోమీటరుల యెత్తున పోవును. కావున పర్వతములు వానికి తగులవు. కాని అంత యెత్తున గాలి మిగుల పలుచన. మనము ఊపిరి పీల్చుటకై విమానము లోపల గాలిని ఒత్తిడితో నింపియుంచుదురు. ఏ కారణముచేతనైనను ఆ ఒత్తిడి పోయినచో, ప్రయాణికులకు తొడుగుల ద్వారా ప్రాణవాయువు అందును. అది సాధారణముగా పది పదునైదు నిమిషములకు మాత్రమే చాలును. ఆ లోపల విమానము సుమారు 3,000 మీటరుల యెత్తునకు దిగవలెను. టిబెట్టులో నేలయే సగటున 4,500 మీటరుల యెత్తున నున్నది. దాని దక్షిణపు టంచున హిమాలయ శిఖరములు 8,000 మీటరులకు మించి లేచియున్నవి. దిగవలసిన చోట దిగుటకు తావులేని త్రోవను వివేకియైన చోదకుడు ఎన్నుకొనడు. కావున దూర విమానములు సాధారణముగా ఈ పీఠభూమిని తప్పించి, పడమటగానో తూర్పుగానో చుట్టి పోవును.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగుళూరు నగరముల నడుమ మొదటిసారి ఎడతెగని విమానయానమును ప్రారంభించెను. ఆ తొలి విమానమును నడిపినవారందఱును స్త్రీలే. జోయా అగర్వాల్ నాయకురాలుగా, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్‌హాస్ అను చోదకురాండ్రు ఆ విమానమును ఉత్తర ధ్రువము మీదుగా నడిపి బెంగుళూరునకు చేర్చిరి. వారు పోయిన దూరము సుమారు 16,000 కిలోమీటరులని నాటి వార్తలు తెలిపినవి. దారము చెప్పిన 14,000 ఎక్కడ, విమానము పోయిన 16,000 ఎక్కడ! దూరమును తెలిసికొనుట ఒక విద్య. అందు ఏది పోదగిన త్రోవయో తెలిసికొనుట వేఱొక విద్య.

రెండవది గాలి. రాజమహేంద్రవరము నుండి గోదావరిలో ఎగువకు పోవు పడవను తలచుకొనుడు. నిలుకడ నీటిలో ఆ పడవ గంటకు 8 కిలోమీటరులు పోగలదనుకొందము. ప్రవాహము గంటకు 2 కిలోమీటరులు. అరువది కిలోమీటరులు దిగువకు పోవుటకు 6 గంటలు చాలును. అంతే దూరము ఎగువకు వచ్చుటకు 10 గంటలు పట్టును. రాకపోకలకు మొత్తము 16 గంటలు. ప్రవాహమే లేనిచో 15 గంటలు చాలియుండెడివి. పోవునపుడు కలిసివచ్చినది వచ్చునపుడు పోవును గావున లెక్క సరిపోవునని తోచును గాని, అట్లు సరిపోదు. ఏలయనగా ఎదురు ప్రవాహమున మనము గడపు కాలము అనుకూల ప్రవాహమున గడపు కాలముకంటె ఎక్కువ.

ఆకాశమునను ఇట్టి నదులు కలవు. సుమారు 9 మొదలు 12 కిలోమీటరుల యెత్తున, పడమటి నుండి తూర్పునకు మహావేగముతో వీచు గాలి పాయలకు జెట్ ప్రవాహములని పేరు. శీతకాలమున వీని వేగము ఒక్కొక్కయెడ గంటకు 300 కిలోమీటరులకు మించును. వసబురో ఓయిషి అను జపాను శాస్త్రజ్ఞుడు ఆకాశములోనికి బెలూనులను వదలి, వాని పోకడను దూరదర్శినితో గుర్తించి, ఈ ప్రబల వాయువులను కనుగొనెను. 1926లో ఆయన తన ఫలితములను, ప్రపంచమెల్ల చదువవలెనను కోరికతో, ఎస్పరాంటో అను కృత్రిమ భాషలో ప్రకటించెను. ఆ భాష తెలిసినవారు అరుదగుటచే ఆ గ్రంథమును పలువురు గమనింపలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున జపానుపై ఎగిరిన అమెరికా విమానములు ఆ గాలులలో చిక్కుకొనిన పిమ్మటనే వాని బలము లోకమునకు బాగుగా తెలిసినది.

ఈ గాలినదులు ఎంత చమత్కారమును చేయగలవో ఢిల్లీ విమానము నిరూపించినది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానములను నడుప నారంభించెను. మొదట అవి పడమరగా, అట్లాంటిక్ వైపున సుమారు 13,900 కిలోమీటరులు పోయెడివి. 2016 అక్టోబరులో ఆ విమానమును తూర్పునకు మరలించి పసిఫిక్ మహాసముద్రము మీదుగా నడిపిరి. ఈ త్రోవ 15,300 కిలోమీటరులు. అనగా 1,400 కిలోమీటరులు ఎక్కువ. అయినను వెనుకనుండి గాలి తోడ్పడుటచే విమానము పదునాలుగున్నర గంటలలోనే చేరినది; పాత త్రోవకంటె ఇంచుమించు రెండు గంటలు ముందుగా! తిరిగి వచ్చునపుడును విమానము అట్లాంటిక్ మీదుగా తూర్పునకే వచ్చెడిది. పోవునపుడును తూర్పే, వచ్చునపుడును తూర్పే. ఒక్క రాకపోకతో భూప్రదక్షిణము ముగిసెడిది. దూరమైన త్రోవ త్వరితమైన త్రోవ కాగలదను మాటకు ఇంతకంటె సాక్ష్యమేమి?

మూడవ ఆటంకమును ప్రకృతి కల్పింపలేదు, మానవుడు కల్పించినాడు. 1944లో షికాగో నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారము, ప్రతి రాజ్యమునకును తన భూమిపైనున్న ఆకాశముపై సంపూర్ణాధికారము కలదు. అనుమతి లేనిదే అన్యదేశ విమానము అందు ప్రవేశింపరాదు. 2022లో ఉక్రెయిను యుద్ధము ఆరంభమైన పిమ్మట రష్యా తన ఆకాశమును పెక్కు ఐరోపా సంస్థలకు మూసివేసినది. ఫిన్లాండు రాజధానియైన హెల్సింకి నుండి టోకియోకు తొమ్మిది పది గంటలలో పోవు విమానము, రష్యాను తప్పించి ఉత్తర ధ్రువము మీదుగా చుట్టి పోవలసివచ్చుటచే, సుమారు 13 గంటలు తీసికొన నారంభించెను. 2025 ఏప్రిలులో పాకిస్తాను తన ఆకాశమును భారతీయ సంస్థలకు మూసినపుడు, ఢిల్లీ నుండి ఉత్తర అమెరికాకు పోవు కొన్ని విమానములు ఇంధనమునకై నడుమ ఐరోపాలో దిగవలసి వచ్చెను. రాజులు కలహించిన బాటసారి కాళ్ళు నొచ్చుట పూర్వమునుండియు కలదు. నేడు ఆ నొప్పి ఆకాశమునకును ప్రాకినది.

త్రోవ నెన్నుకొనుట ఒక యెత్తు. దానిని తప్పకుండుట మఱియొక యెత్తు. ధ్రువ ప్రాంతమున దిక్సూచి పనికిరాదు. దాని ముల్లు చూపునది భూమి అయస్కాంత ధ్రువమును గాని, భౌగోళిక ధ్రువమును గాదు. అయస్కాంత ధ్రువమును సమీపించినకొలది ముల్లు నిలుకడ లేక తిరుగాడును. ఇట్టి ప్రాంతము మీదుగా 1937 జూనులో వలేరీ చ్కాలోవ్ అను రష్యా వీరుడు, ఇరువురు సహచరులతో, ఒకే యంత్రముగల విమానమున మాస్కో నుండి అమెరికాలోని వాంకూవరు అను పట్టణమునకు ఎచటను దిగక పోయెను. ఆ ప్రయాణమునకు సుమారు 63 గంటలు పట్టినది. 1954 నవంబరులో స్కాండినేవియా విమాన సంస్థ కోపెన్‌హాగెన్ నుండి లాస్ ఏంజలీసుకు, గ్రీన్‌లాండులోను కెనడాలోను దిగుచు, ఉత్తర ప్రాంతము మీదుగా ప్రయాణికులను చేరవేయ నారంభించెను. దిక్సూచికి మారుగా, ఎల్లప్పుడును ఒకే దిశను నిలుపుకొను గైరోస్కోపు అను పరికరమును వారు వాడిరి.

దిక్కు కొంచెము తప్పినచో ఏమగునని అలక్ష్యము చేయరాదు. ఒక్క డిగ్రీ తప్పినచో 60 కిలోమీటరులు పోవునప్పటికి ఒక కిలోమీటరు ప్రక్కకు తొలగుదుము. 6,000 కిలోమీటరులు పోవునప్పటికి 100 కిలోమీటరులు తొలగుదుము. 1983 సెప్టెంబరు 1వ తేదీన ఆంకరేజ్ నుండి సియోలునకు పోవు దక్షిణ కొరియా విమానమొకటి, దానిని నడుపు స్వయంచాలక యంత్రము సరియైన పద్ధతిలో నిలుపబడకపోవుటచే, క్రమక్రమముగా త్రోవ తప్పి సోవియట్ దేశపు ఆకాశమున ప్రవేశించెను. సోవియట్ యుద్ధ విమానము దానిని కూల్చివేసినది. అందలి 269 మందియు మరణించిరి. ఈ ఘోరము జరిగిన పిమ్మటనే, ఉపగ్రహముల సాయమున స్థలనిర్ణయము చేయు జి.పి.ఎస్. పద్ధతిని పౌర విమానములకును ఇత్తుమని అమెరికా ప్రభుత్వము ప్రకటించెను. నేడు మీ యింటి చరవాణి దారి చూపుచున్నది ఆ పద్ధతితోనే.

ఇంధనమును గుఱించి కొంత చెప్పవలెను. 2021 నాటి బెంగుళూరు ప్రయాణమునకు వాడిన బోయింగు 777 జాతి విమానము సుమారు 1,81,000 లీటరుల ఇంధనమును మోయగలదు. అది నిండుగానున్నపుడు ఇంధనము బరువే దాదాపు 145 టన్నులు. విమానము ఎగురునపుడు ఉండదగిన మొత్తము బరువులో ఇది నూటికి నలువదికంటె ఎక్కువ. దూరము పెరిగినకొలది ఇంధనము పెరుగును. ఆ యింధనమును మోయుటకే మఱికొంత ఇంధనము కావలెను. నూఱు కోసుల ప్రయాణమునకు బయలుదేరు బండిలో ఎడ్లకు వలయు గడ్డియే సగము బండిని నింపినట్లు! ధ్రువము మీద చలి మఱియొక చిక్కు. ఈ విమానములు వాడు ఇంధనము సున్నకు దిగువ 47 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. వెలుపలి గాలి అంతకంటె చల్లగా నుండుటచే రెక్కలలోని ఇంధనపు శీతలతను చోదకులు నిరంతరము కనిపెట్టుచుందురు. అది మిక్కిలి తగ్గినచో క్రిందికి దిగుటయో, త్రోవ మార్చుటయో చేయుదురు.

తుదకు గడియారపు వింత మిగిలియున్నది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుచున్నది. మన దేశపు కాలమును తూర్పు రేఖాంశము 82½ డిగ్రీలనుబట్టి నిర్ణయించిరి. ఆ రేఖ మన కాకినాడ సమీపమున పోవుచున్నది. మనము గ్రీనిచ్ కాలమునకు 5½ గంటలు ముందున్నాము. శాన్‌ఫ్రాన్సిస్కో శీతకాలమున 8 గంటలు వెనుక నున్నది. కావున రెండు నగరములకును 13½ గంటల భేదము. వేసవిలో అమెరికావారు గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు. అప్పుడు భేదము 12½ గంటలు.

శీతకాలమున ఒక సోమవారము మధ్యాహ్నము 2:30కు బెంగుళూరులో విమానమెక్కి, 16 గంటలు ప్రయాణము చేసితిమనుకొనుడు. బయలుదేరునప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమవారము రాత్రి 1 గంట. పదునాఱు గంటల పిమ్మట అచట సోమవారము సాయంకాలము 5 గంటలు. రెండున్నరకు బయలుదేరి అయిదింటికి, ఆనాడే, భూమికి ఆవలి ప్రక్క దిగుదుము! తిరుగు ప్రయాణము ఇందుకు విరుద్ధము. 2021 నాటి తొలి విమానమునకు ప్రకటించిన కాలపట్టికలో బయలుదేరుట జనవరి 9, శనివారము రాత్రి 8:30. చేరుట జనవరి 11, సోమవారము తెల్లవారుజామున 3:45. గడియారములను మాత్రమే చూచినచో 31 గంటల 15 నిమిషములు. అందుండి 13½ గంటలు తీసివేసినచో నిజమైన ప్రయాణకాలము 17 గంటల 45 నిమిషములు. ఆదివారమంతయు ఆకాశముననే గడచిపోయినది. పోవునపుడు లాభముగా వచ్చిన కాలమును వచ్చునపుడు తిరిగి చెల్లించితిమన్నమాట. కావున ప్రయాణకాలమును లెక్కింపవలెనన్న రెండు గడియారములను ఒకే దేశపు కాలమునకు మార్చి, పిమ్మట తీసివేత చేయవలెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. బెంగుళూరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు గోళముపై దగ్గర త్రోవ సుమారు 14,000 కిలోమీటరులు. విమానము పోవు త్రోవ అంతకంటె ఎక్కువ, అదియు నాటి గాలినిబట్టి, తెఱచియున్న ఆకాశమునుబట్టి మాఱుచుండును. పట్టు కాలము, ఎడతెగక పోయినచో, 16 మొదలు 18 గంటలు. ఈ అంకెలను కంఠస్థము చేయుట ముఖ్యము గాదు. అవి ఎట్లు వచ్చినవో తెలిసికొనుట ముఖ్యము. మీ పాఠశాలలో గోళమొకటి యున్నచో, ఒక దారమును తీసికొని హైదరాబాదును లండనుతోను, విశాఖపట్టణమును టోకియోతోను, మీకు తెలిసినవారున్న మఱియే యూరితోనైనను కలిపి చూడుడు. డిగ్రీకి 111 కిలోమీటరుల చొప్పున లెక్కింపుడు. పిమ్మట ఆ దారము క్రింద ఏ పర్వతములున్నవో, ఏ దేశములున్నవో, గాలి ఎటు వీచునో విచారింపుడు. అంతయు చూచిన పిమ్మట మీ యింటి పెద్దలు “అమెరికా ఎంత దూరమురా?” అని అడిగినపుడు, ఒక్క అంకె చెప్పి ఊరకుండక, దాని వెనుకనున్న కారణములను సైతము వారికి తెలియజెప్పగలరు.